ఖుక్రీతో మునిగిన ప్రయోగం

1971 యుద్ధమనగానే తెలుగువారికి ముందు విశాఖపట్నం గుర్తుకొస్తుంది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఆ రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. అయిదు రోజుల తరువాత పడమటి సముద్రంలో మనకు కలిగిన నష్టం మాత్రం మన జ్ఞాపకంలో అంతగా నిలవలేదు.

డిసెంబరు 9 రాత్రి డయ్యూ సమీపాన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ అనే యుద్ధనౌక, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ విడిచిన టార్పెడో తగిలి నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించారు. ఓడను విడవకుండా ప్రాణం విడిచిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు చరిత్రకెక్కింది. ఆయనతోపాటు మరణించినవారిలో లెఫ్టినెంట్ వి.కె. జైన్ అనే యువ అధికారి ఉన్నాడు.

నీటిలోకి ధ్వనిని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామిని కనిపెట్టే సాధనం సోనార్. ఖుక్రీలోని సోనార్ పాతది, దాని చూపు దగ్గరి మేరకే. ఫ్రాన్సులో తయారైన హంగోర్ మాత్రం చాలా దూరం నుంచే ఓడల అలికిడి పట్టగలదు. ఈ అంతరాన్ని తగ్గించడానికి జైన్ ఒక పరికరాన్ని రూపొందించి, దాన్ని పరీక్షించడానికే ఖుక్రీలో ఉన్నాడు. ఓడ వేగం తగ్గితే దాని సొంత చప్పుడు తగ్గి ప్రతిధ్వని తేటగా వినిపిస్తుంది. ఖుక్రీ అలా నెమ్మదిగా సాగడమే శత్రువుకు అదను ఇచ్చిందన్న విమర్శ తరువాత వచ్చింది.

ఈ విమర్శను మనం జాగ్రత్తగా తూచాలి. నెమ్మదించడం ప్రమాదాన్ని పెంచి ఉండవచ్చు. అయితే వినికిడిలో అంత వెనుకబడిన ఓడను జలాంతర్గామి వేటకు పంపవలసి రావడం ఏళ్ల తరబడి పేరుకున్న కొరత ఫలితం. దానికి ఒక యువకుడి ప్రయోగాన్ని కారణంగా చూపడం న్యాయం కాదు.

ఆ కొరత తీరిన కథలో బెంగళూరుకూ భాగముంది. ఖుక్రీ మునిగాక నౌకాదళ ఇంజనీరు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ పాత సోనార్లను మెరుగుపరిచే పని చేపట్టాడు. తరువాత కొచ్చిలోని నౌకాదళ పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన 'అప్సో' అనే స్వదేశీ సోనార్ రూపొంది, 1980లలో యుద్ధనౌకలకు చేరింది. దాని తయారీలో పాలుపంచుకున్నది 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్, మన జాలహళ్లి సంస్థే.

యుద్ధచరిత్రంటే గెలిచిన రాత్రులే కాదు, ఓడిన రాత్రి నేర్పిన పాఠం కూడా. బెంగళూరులో చదువుకుంటున్న మన విద్యార్థులు జాలహళ్లిలో విశ్రాంత ఉద్యోగులను కలిసి వారి పని జ్ఞాపకాలను తెలుగులో రాసిపెడితే, సముద్రంలో ఆగిపోయిన ఒక ప్రయోగం తరువాతి కథ మనకు దక్కుతుంది.