బడియీడునకు ముందటి చదువు



వినికిడి లేని బిడ్డకును, చూపు లేని బిడ్డకును, మాటయు నడకయు ఆలస్యమైన బిడ్డకును చదువు చెప్పవలసినవా రెవరు? ఏ యీడున మొదలిడవలెను? అమెరికా సంయుక్తరాష్ట్రములు చట్టమూలమున ఈ ప్రశ్నలకు చెప్పిన సమాధానమునకు ఒక చరిత్ర కలదు. దానిని నేడు మీకు విన్నవింతును.

ఆ దేశమున ప్రభుత్వపు బడులను నడుపునవి ‘స్కూలు డిస్ట్రిక్టు’లను స్థానికమండలులు. అవి చాలకాలము లోపముగల బిడ్డలను గడప త్రొక్కనీయలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఐదేండ్ల పిల్లలకుండు బుద్ధి యింకను కుదురని బిడ్డను చేర్చుకొనకుండుటకు చట్టమే అనుమతి నొసగెను. చదువు ఎవరికి మిక్కిలి యవసరమో వారికే అది లేదయ్యెను.

మొక్కై వంగనిది మానై వంగునా యను సామెతను మనము దండనమునకే వాడుచుందుము. పోషణమునకును అది చెల్లును. అయోవా రాష్ట్రమున స్కీల్సను శాస్త్రజ్ఞుడు, మందబుద్ధులనబడిన 13 మంది అనాథశిశువులను, లాలించి ఆడించు స్త్రీలున్న వేఱొక సంస్థకు మార్పించెను. వారి బుద్ధి సగటున 20 అంశములకు పైగా పెరిగెనని 1939లో ప్రకటించెను. అనాథాలయమునందే మిగిలిన 12 మంది బుద్ధి తగ్గెను. సంఖ్య స్వల్పమని పండితులు వాదించిరి. కాని 1966లో వెలువడిన విచారణలో ఆ పదుమువ్వురును పరాధీనులు గాక బ్రదుకుచున్నట్లు తేలెను.

పిమ్మట తలిదండ్రులు న్యాయస్థానముల నాశ్రయించిరి. 1972లో పెన్సిల్వేనియాయందును వాషింగ్టను నగరమునందును వారికి జయము కలిగెను. ధనము చాలదని నగరమండలి పలుకగా, ఆ కొఱత భారమును లోపముగల బిడ్డలపైననే అధికముగా మోపరాదని న్యాయమూర్తి తీర్పు చెప్పెను.

1975 నవంబరు 29వ తేదీన అధ్యక్షుడు ఫోర్డు క్రొత్త చట్టముపై సంతకము చేసెను. లోపముగల బిడ్డలు 80 లక్షలకు పైగా గలరనియు, అందు 10 లక్షలమంది బడికి పూర్తిగా దూరమైరనియు ఆ చట్టమే చెప్పినది. ఉచితమైన తగిన చదువు వారి హక్కయ్యెను. ప్రతిబిడ్డకును తలిదండ్రులతో గూడి ప్రత్యేకప్రణాళికను వ్రాయవలెను. సాధ్యమైనంతవఱకు తోడిపిల్లలతో కలిపి చదివింపవలెను. అయినను 3 మొదలు 5 ఏండ్ల పసివారి విషయము రాష్ట్రముల యిచ్చకు వదలబడెను. 1986 నాటి సవరణ ఆ వెలితిని పూరించెను: పసివారి నందఱిని చేర్చుకొనని రాష్ట్రమునకు అందుకై యిచ్చు ధనము నిలిచిపోవును. మూడేండ్ల లోపు శిశువులకు సాయము చేయు ఏర్పాటును అప్పుడే పుట్టెను. లోపముగల బిడ్డ బడిని వెదకికొనుట గాక, బడియే ఆ బిడ్డను వెదకవలెననుట ఈ చట్టముల సారము.

మన దేశమున అంగన్‌వాడీలు పుట్టినదియు 1975లోనే. మన 2016 నాటి చట్టము నిర్ణీతపరిమాణమున వైకల్యముగల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచితవిద్యాహక్కు నొసగినది. అంతకు ముందటి యేండ్లే మిక్కిలి విలువైనవి. పిలిచిన పలుకని బిడ్డను చూచి, ‘వీని తాతకును మాటలు ఆలస్యముగానే వచ్చెను’ అని పెద్దలు సమాధానపడుట నేను పెక్కుమార్లు విన్నాను. వినికిడి లేని బిడ్డ మొద్దని పేరుపడి వెనుక బల్లపై కూర్చుండుటయు చూచినాను. 2013 నుండి అంగన్‌వాడీ బిడ్డలను పరీక్షించుటకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము కలదు. వైద్యులు వచ్చిననాడు అట్టి బిడ్డను దాచక చూపించుడు. ఊరిపెద్దల మాటకు తల్లులు వెనుదీయరు. ఆ మాట బిడ్డ మూడేండ్లనాడు పలికినచో ఫలించును. పదేండ్లనాడు పలికినచో పోయిన కాలము మరలి రాదు.