తొలి ఉద్యోగానికి ముందు ప్రోగ్రామింగ్ అనుభవం: ఒక చారిత్రక పరిశీలన

ఉద్యోగ ప్రకటనల్లో ‘అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం’ అన్న మాటను మీరు చూసే ఉంటారు. ఉద్యోగమే రాకుండా అనుభవం ఎలా వస్తుందన్న సందేహం మీకూ కలిగి ఉంటుంది. కంప్యూటర్ రంగంలో ఈ ప్రశ్న పాతదే. మూడు కాలాల విద్యార్థులు దీనికి ఏ సమాధానం వెతుక్కున్నారో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. కాన్పూర్, 1963

1963లో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. అప్పటికి దేశంలో కంప్యూటర్లు చాలా అరుదు. అయినా ఆ ఖరీదైన యంత్రాన్ని నిపుణులకే పరిమితం చేయలేదు. విద్యార్థులు సైతం ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాసి దానిపై నడుపుకునే వీలు కల్పించారు. ప్రోగ్రామును కార్డులపై రంధ్రాలుగా మార్చి యంత్రానికి అందించాలి. ఒక్క గుర్తు తప్పినా ఫలితం రాదు. తప్పు వెతికి, ఆ కార్డు మార్చి, మళ్లీ తమ వంతు కోసం వేచి ఉండాలి. ఈ సంస్థలోనే 1969లో ఎం.టెక్. పూర్తిచేసిన ఎన్.ఆర్. నారాయణమూర్తి, ఆ తర్వాత అహ్మదాబాద్ ఐఐఎంలో సిస్టమ్స్ ప్రోగ్రామర్‌గా చేరారు.

2. సియాటిల్, 1968

అమెరికాలోని లేక్‌సైడ్ పాఠశాలలో విద్యార్థుల తల్లుల సంఘం పాత వస్తువులు అమ్మగా వచ్చిన డబ్బుతో ఒక టెలిటైప్ టెర్మినల్ ఏర్పాటైంది. దూరంలోని కంప్యూటర్‌ను వాడుకున్న సమయానికి రుసుము చెల్లించాలి. ఆ డబ్బు త్వరగానే అయిపోయింది. అప్పుడు బిల్ గేట్స్, పాల్ అలెన్ తదితర విద్యార్థులు ఒక స్థానిక కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నారు. కంపెనీ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ లోపాలు వారు కనిపెట్టాలి. బదులుగా యంత్రాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

3. హెల్సింకి, 1991

ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ సొంత కంప్యూటర్‌పై ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాయసాగారు. 1991 ఆగస్టులో దాని గురించి ఇతర వాడుకరులకు తెలిపి, ఏ సౌకర్యాలు కావాలో అడిగారు. సెప్టెంబరులో మూలసంకేతాన్ని అందరికీ అందుబాటులో ఉంచారు. ముఖపరిచయం లేనివారు లోపాలు చెప్పారు, సవరణలు పంపారు. అదే లైనక్స్. 1997లో ఆయన అమెరికాలో ఒక కంపెనీలో చేరేనాటికే అది అనేక దేశాల్లో వాడుకలో ఉంది.

4. పరిశీలన

మొదటి రెండు సందర్భాల్లో కొరత యంత్రానిదే. నేడు ఆ కొరత చాలావరకు తీరింది. సాధారణ కంప్యూటర్‌పైనా ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రాములు రాయవచ్చు. కాని మూడు సందర్భాల్లోనూ మరో అంశం కనిపిస్తుంది: విద్యార్థి పనిని ఎవరో ఒకరు పరీక్షించారు. కాన్పూర్‌లో యంత్రం, సియాటిల్‌లో కంపెనీ, హెల్సింకిలో వాడుకరులు ఆ పని చేశారు. అభ్యాసం అనుభవంగా మారింది అక్కడే.

దూరవిద్యలో మీ పక్కన తోటి విద్యార్థులుండరు. అందుచేత ఈ రెండో అంశాన్ని మీరే సమకూర్చుకోవాలి. మీ ఊరి కిరాణా దుకాణం అప్పుల ఖాతాకు ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఇవ్వండి. ఆ దుకాణదారు దాన్ని నెల రోజులు వాడితే, పుస్తకంలోని అభ్యాసాలు చూపని లోపాలు బయటపడతాయి. వాటిని ఎలా సరిదిద్దారో రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మీరు చెప్పగలిగే అనుభవం అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై మూడు సందర్భాల్లో విద్యార్థుల పనిలోని లోపాలు ఎలా బయటపడ్డాయో పోల్చి రాయండి.