ప్రసూతి శిక్షణా ప్రతిమ

కాన్పువేళ చేయి తప్పినచో తల్లీబిడ్డల యిరువురి ప్రాణములకును ముప్పు వాటిల్లును గనుక, శిక్షార్థి తొలుత ప్రతిమపై అభ్యసింపవలెనను పద్ధతి 18వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు మంత్రసాని మదాం ద్యు కుద్రే వలన ప్రఖ్యాతి గాంచెను. ఆ దేశపు రాజు పదునైదవ లూయీ 1759లో అనుమతిపత్ర మొసంగగా, ఆమె ఊరూర తిరిగి పల్లెస్త్రీలకు విద్య గరపెను.

ఆమె కల్పించిన యంత్రము, గుడ్డతోను తోలుతోను కుట్టిన స్త్రీ కటిభాగము. అందు శిశుప్రతిమను గురువు అడ్డముగానో కాళ్లు ముందుగానో త్రిప్పి యుంచగా, శిష్యురాలు చేతితో తడవి, భంగిమ నెరిగి, సరిచేసి వెలికి దీయవలెను. చదువురానివారికి గ్రంథముకంటె హస్తాభ్యాసమే గురువని గ్రహించుట యంత్రముకంటెను గొప్ప కల్పన యనదగును. అట్టి ప్రతిమ యొకటి రువాన్ నగర ప్రదర్శనశాలలో నున్నది.

నేడు శిశువు భుజము చిక్కుట, ప్రసవానంతర రక్తస్రావము వంటి ఆపదలను వైద్యులును నర్సులును కలిసి ప్రతిమపై అభ్యసించి, పిమ్మట తమ లోపములను తామే చర్చించుకొందురు.