కుడి ఇండికేటర్

రాత్రి రెండు దాటింది. ఏలూరు బైపాస్ వెనకబడింది. వాన ఏటవాలుగా కొడుతోంది. ఒక వైపరే సరిగ్గా తుడుస్తోంది. రెండోది కిర్రుమంటూ నీళ్లని అటూ ఇటూ నెడుతోంది. క్యాబిన్ నిండా తడిసిన పట్టా వాసన, ఆరిన బీడీ వాసన. పది టైర్ల బండి. వెనక తాడేపల్లిగూడెంలో ఎత్తిన బియ్యం బస్తాలు. స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడికి హెవీ లైసెన్సు వచ్చి ఇంకా నెల తిరగలేదు. ఎడమ సీట్లో పెద్ద డ్రైవర్ కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు కానీ నిద్రపోవడం లేదు.

బండి డివైడర్‌ని ఆనుకుని అరవైలో పోతోంది.

వెనక లైట్లు పడ్డాయి. డిమ్ము, డిప్పు. డిమ్ము, డిప్పు. ఆపైన హారన్. కుర్రాడు కుడి అద్దంలోకి చూశాడు. కారు. మీదకొచ్చేస్తోంది.

"బాబాయ్, సైడిచ్చేయనా?"

జవాబు లేదు. అతను ఎడమ ఇండికేటర్ వేసి, స్టీరింగ్ మీద చెయ్యి బిగించి, ఇంకోసారి కుడి అద్దంలోకి చూశాడు. అందులో కారు లేదు.

పెద్దాయన అరచెయ్యి తలుపు మీద ధన్‌మని పడింది. "ఆగరా!"

లారీకి ఎడమ పక్క గుడ్డిది. డ్రైవర్ కూర్చునేది కుడివైపు. ఎడమ తలుపు కిందా, దాని వెనకా కొంత మేర ఏముందో అతనికి ఆనదు. కారు కారంతా అందులో దాక్కుంటుంది. క్లీనర్ అనేవాడు ఆ సీట్లో ఉన్నది అందుకే. ఎడమ అద్దం వాడిది. "రానీ... రానీ... ఆగాగు" అనే గొంతూ వాడిదే. ఈ కుర్రాడూ ఏళ్లపాటు ఆ సీట్లోనే అరిచి అరిచి పైకొచ్చాడు. ఇరవై ఏళ్లు నిండాలి, చిన్న బండి లైసెన్సు చేతికొచ్చి ఏడాది గడవాలి, అప్పుడుగానీ హెవీకి లెర్నింగ్ ఇవ్వరు. అవన్నీ అయ్యాయి. ఎడమ అద్దం మాత్రం ఇప్పుడు క్యాబిన్‌కి ఆ చివరెక్కడో ఉంది.

ఆ చివరి నుంచే కారు బుసకొట్టుకుంటూ బయటికొచ్చింది. నీళ్లు అద్దం మీద చిమ్మి మాయమైంది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

"కుడి లైనులో ఎందుకున్నావ్?" పెద్దాయన మెల్లగా అడిగాడు.

"ఎడమ లైను బాగోదు కదా బాబాయ్."

అబద్ధం కాదు. ఎడమ లైనంటే ఆటోలు, ట్రాక్టర్లు, ఎదురొచ్చే మోటార్ సైకిళ్లు. బరువు బళ్లు తొక్కి తొక్కి గాళ్లు పడిన తారు. కోతల రోజుల్లో అంచునే ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు. అందుకే లారీలు డివైడర్ పక్కకి చేరతాయి. చేరినవి అక్కడే ఉండిపోతాయి. నాలుగు లైన్ల రోడ్డు మీద సరుకు బండికి 2018 నుంచి గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఎనభైలో పోయే లారీ డెబ్బై ఐదులో పోయే లారీని దాటాలంటే, ముందూ వెనకా ఖాళీతో కలిపి నలభై మీటర్లయినా ఎక్కువ లాగాలి. దానికి అర నిమిషం పడుతుంది. ఈలోగా రోడ్డు ఆరు వందల మీటర్లకి పైగా కరిగిపోతుంది. ఆ అర నిమిషం అయ్యాక ఎడమకి తిరిగి రావాలి. రారు. ఇంకో బండి తగుల్తుంది కదా, అప్పుడు మళ్లీ ఎవడు మారతాడులే అనుకుంటారు.

"దాటడానికే కుడి. దాటేశావా, నా వైపు చూడు. నేను రమ్మంటే రా."

"రానా?"

పెద్దాయన కిటికీ దించి వానలోకి తల పెట్టాడు. "రా."

బండి ఎడమకి జరిగింది. కలపర్రు టోల్ దాటింది. వాన కాస్త తెరిపిచ్చింది. అప్పుడే వెనక అద్దంలో ఎత్తుగా రెండు లైట్లు లేచాయి. స్లీపర్ బస్సు. ముందు లైను మధ్యలో ఏదో నల్లగా కనిపించింది.

కానుగ కొమ్మ. దాని వెనక రెండు రాళ్లు. ఆ వెనక ఆగిపోయిన లారీ. సగం మట్టి మీద, సగం తారు మీద. పార్కింగ్ లైట్లు లేవు, ఎర్ర త్రికోణం బోర్డు లేదు.

కుర్రాడి వేలు దానంతటదే కుడి ఇండికేటర్ నొక్కింది.

బస్సు వేగం తగ్గించలేదు. పెంచింది.

కుడి ఇండికేటర్ వేస్తే కుడికొస్తున్నట్టని ఆర్టీవో ఆఫీసులో చెబుతారు. రాత్రిపూట లారీవాళ్లు అదే ఇండికేటర్ కొట్టి, ముందంతా ఖాళీ, నువ్వు పో అని వెనకవాడికి చెబుతారు. కుర్రాడు మొదటిది చెప్పాడు. బస్సు డ్రైవర్ రెండోది విన్నాడు.

"బాబాయ్!"

"కుడికి పోకు! లైనులోనే తొక్కు!"

కుర్రాడు తొక్కాడు, గాలి బ్రేకులు బుస్సుమన్నాయి, బస్తాల బరువంతా క్యాబిన్‌ని వెనక నుంచి తోసింది, తడి తారు మీద టైర్లు ఒక్క క్షణం పట్టు వదిలి మళ్లీ దొరకబుచ్చుకున్నాయి, కొమ్మ చక్రాల కింద ఫెళఫెళా విరిగింది, రాయొకటి ఎగిరి ఛాసిస్‌కి ఠంగున తగిలింది, కుడి పక్కన బస్సు కిటికీల వరస ఒక్కటొక్కటిగా వెలుగుతూ ఊగుతూ ఎంతకీ తరగనట్టు దాటిపోతూనే ఉంది.

బండి ఆగింది. ముందు లారీ వెనక పలక మీద రాతలు చదవగలిగేంత దగ్గర.

కుర్రాడు తలుపు తీసుకుని దూకబోయాడు. "వాణ్ణి..."

"కూర్చో. ముందు నాలుగు ఇండికేటర్లూ వెయ్యి. ఇప్పుడు మన వెనక వచ్చేవాడికి మనమే ఆ లారీ."

తెల్లారింది. హనుమాన్ జంక్షన్‌లో టీ గ్లాసు పట్టుకున్నా కుర్రాడి వేళ్లు ఇంకా వణుకుతున్నాయి. ఫోన్ మోగింది. ఓనరు.

"చలానా వచ్చిందిరా. ఫొటోతో సహా. చూసుకో."

కుర్రాడు ఫొటో తెరిచాడు. నిన్న సాయంత్రం, రావులపాలెం అవతల. టీ తాగడానికి ఆపిన తన బండే. సగం మట్టి మీద, సగం తారు మీద.

పెద్దాయన ఫోన్ లాక్కుని చూశాడు. నవ్వలేదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో రోడ్డు నిబంధన తప్పితే ఐదు వందల నుంచి వెయ్యి. భారీ వాహనం వేగం మీరితే రెండు వేల నుంచి నాలుగు వేలు. ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేలు, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. అడ్డంగా ఆపిన బండి ఈ లెక్కలో అన్నిటికన్నా చవక. ఆ చవక తప్పు ఎదురుపడితే ఎలా ఉంటుందో కుర్రాడు నాలుగు గంటల కిందటే చూశాడు.

"బత్తాలో కోస్తా," ఓనరు గొంతు ఫోన్లోంచి వినిపిస్తూనే ఉంది. "ఇంకో మాట. వచ్చే ట్రిప్పుకి ఆయన వేరే బండెక్కుతాడు. నువ్వొక్కడివే. ఈ కిరాయిల్లో క్లీనర్‌ని పెట్టలేను."

కుర్రాడు పెద్దాయన వైపు చూశాడు. ఆయన బీడీ ముట్టిస్తున్నాడు.

బియ్యం దించేసరికి మధ్యాహ్నమైంది. గొడౌన్ నుంచి బండి నేరుగా విజయవాడ ఆటోనగర్‌కి మళ్లింది. కుర్రాడు అద్దాల కొట్టు ముందు ఆపాడు. ఈసారి రోడ్డు దిగి, పూర్తిగా మట్టి మీద.

"ఎడమ తలుపు పైన గుండ్రటద్దం. కిందకి వంచి బిగించు. చక్రం దాకా కనపడాలి."

"కుడికి కూడా వెయ్యమంటావా?" కొట్టువాడు అడిగాడు.

"వద్దు. డబ్బులు ఒకదానికే ఉన్నాయ్."