డిసెంబరు 25: ఒకే తారీఖు, రెండు మంటలు

డిసెంబరు 25 అంటే మన వాడల్లో చాలా ఇళ్లకు క్రిస్మస్. ప్రభుత్వానికైతే 2014 నుంచి అది వాజపేయి పుట్టినరోజు పేరుమీద జరిపే సుపరిపాలనా దినం. ఇదే తారీఖున జరిగిన మరో రెండు సంఘటనల గురించి మేం ఇక్కడ మాట్లాడదలచుకున్నాం. 1927లో మహద్‌లో దళితులు మనుస్మృతిని తగలబెట్టారు. 1968లో కీళ్వెణ్మణిలో భూస్వాములు దళితుల్నే తగలబెట్టారు. ఈ రెంటినీ మనం విడివిడిగా గుర్తు చేసుకుంటాం తప్ప, పక్కపక్కన పెట్టి చదవం. ఎందుకు చదవం అన్నదే మా ప్రశ్న.

ముందు మహద్ సంగతి చూద్దాం. ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులూ బావులూ అంటరానివాళ్లకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహద్ పురపాలక సంఘం 1924లో చవదార్ చెరువు విషయంలో సరేనంది. కాగితం మీద హక్కు వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది నడిచివెళ్లి ఆ చెరువు నీళ్లు తాగారు. సవర్ణులు వాళ్లమీద దాడి చేశారు, ఆ తర్వాత చెరువును పేడతో మూత్రంతో ‘శుద్ధి’ చేసుకున్నారు. డిసెంబరులో మళ్లీ సత్యాగ్రహానికి సిద్ధమైతే కోర్టు నుంచి నిషేధపు ఉత్తర్వు తెచ్చారు. సభకు జాగా కూడా సవర్ణులు ఇవ్వలేదు, ఫత్తేఖాన్ అనే ముస్లిం ఇచ్చాడు. 25వ తేదీ రాత్రి ఆ జాగాలోనే మనుస్మృతిని తగలబెట్టారు. ఆ తీర్మానం ప్రతిపాదించిన సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడు. చెరువు మీద హక్కును హైకోర్టు ఒప్పుకునేసరికి 1937 వచ్చింది. గుక్కెడు నీళ్లకు పదేళ్ల వ్యాజ్యం!

నలభై ఒక్క ఏళ్ల తర్వాత, అప్పటి తంజావూరు జిల్లాలోని కీళ్వెణ్మణి. కావేరి కింద వరి పండే నేల. పంట పెరిగింది గనక కూలి కూడా పెంచమని దళిత కూలీలు ఎర్రజెండా సంఘం పెట్టుకుని అడిగారు. భూస్వాములు వరి ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నారు. ఎర్రజెండా దింపి తమ సంఘంలోకి రమ్మని ఒత్తిడి తెచ్చారు. డిసెంబరు 25 రాత్రి మూక వాడ మీద పడింది. ప్రాణభయంతో ఒక గుడిసెలో దాక్కున్నవాళ్లను నిప్పుపెట్టి చంపారు. 44 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే.

తారీఖు కలవడం యాదృచ్ఛికమే. మహద్ సంగతి తలుచుకుని ఎవరూ కీళ్వెణ్మణి మీద పడలేదు. అసలు సంబంధం కోర్టులో కనిపిస్తుంది. 1970లో కింది కోర్టు నాయకుడు గోపాలకృష్ణ నాయుడుతో సహా ఎనిమిది మందికి పదేళ్ల శిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వాళ్లను వదిలేసింది. వీళ్లంతా పెద్ద పెద్ద భూములున్న ధనవంతులు, ఒకరికి కారు కూడా ఉంది, అలాంటివాళ్లు నౌకర్లను పంపకుండా తామే నడిచివెళ్లి ఇళ్లు తగలబెట్టారంటే నమ్మడం కష్టమని తీర్పులో రాసింది. అంటే హోదాయే సాక్ష్యం అయిపోయింది. మనుస్మృతి చేసిన పని ఇదే కదా? ఒకే నేరానికి కులాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో శిక్ష చెప్పింది. 1927లో కాలిన పుస్తకం 1973లో తీర్పు రాసిన చేతిలో బతికే ఉంది. రాజ్యాంగం వచ్చి ఇరవై మూడేళ్లయినా బతికే ఉంది.

ఇక మన దగ్గరి సంగతి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడి ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కింది కోర్టు నమ్మిన సాక్షుల్ని పై కోర్టు నమ్మకపోవడం మనకు కొత్త కాదు. వాడ సాక్షి మాట ఎంత తూగుతుందో ముందే లెక్క కట్టి ఉంటుందేమోనన్న అనుమానం మనవాళ్లలో ఊరికే పుట్టలేదు.

మరి ఈ రెండు మంటల్ని ఎందుకు కలిపి చదవలేదు? కమ్యూనిస్టులకు కీళ్వెణ్మణి కూలి పోరాటం. చనిపోయినవాళ్లు ‘వ్యవసాయ కూలీలు’ అయ్యారు, కులం పేరు పక్కకు పోయింది. మనం మహద్‌ను ఆత్మగౌరవ పోరాటం అన్నాం. చెరువు ఒక వనరు అనీ, నీళ్లూ భూమీ కూలీ అన్నీ ఒకే కట్టడిలో ఉన్నాయనీ గట్టిగా చెప్పలేకపోయాం. ఎర్రజెండా ఒక క్యాలెండరు పెట్టుకుంది, నీలిజెండా ఇంకోటి పెట్టుకుంది. చచ్చిపోయినవాళ్లు మాత్రం ఒకే వాడ మనుషులు. కూలి పెంచమన్న నోరు మాలపల్లిలోనిదీ మాదిగగూడెంలోనిదీ కాకపోతే జవాబు నిప్పుతో వచ్చేదా?

డిసెంబరు 25న మనుస్మృతి ప్రతిని తగలబెట్టే హాస్టల్ విద్యార్థులు మన యూనివర్సిటీల్లో ఉన్నారు. దళిత స్త్రీల సంఘాలు ఆ రోజును స్త్రీ విముక్తి దినంగా జరుపుకుంటున్నాయి. మంచిదే. దానికి మేం ఒక పని కలపమంటున్నాం: ఆ రోజు కీళ్వెణ్మణి తీర్పును కూడా సభలో పైకి చదవండి, తెలుగులో అర్థం చెప్పండి. మా అమ్మానాన్నలకు కోర్టు కాగితం అంటే వేలిముద్ర వేసేదే. దాన్ని చదవగలిగిన మొదటి తరం మనం. మనుస్మృతి ఏ పేరాలో దాక్కుందో వేలుపెట్టి చూపించాల్సిన పని మనదే.