మెదడు పటమునకు నూర్గురి కొలత

రేడియో మీట త్రిప్పుచుండగా కోరిన కేంద్రము వినవచ్చిన చోటనే మన వ్రేళ్ళు ఆగును. వెంట్రుకవాసి అటు పోవు, ఇటు పోవు. చేతికి అంతటి నిదానము నొసగునది చిన్నమెదడు. తల వెనుక క్రిందిభాగమున ముడుతలు ముడుతలుగా నున్న ఈ అవయవము పంపు ఆజ్ఞలలో దాదాపు అన్నియు దాని గర్భమందలి బూడిదరంగు కేంద్రకముల గుండ వెలికి రావలసినవే. అవి కుడియెడమల నాలుగేసి. వానిలో పెద్దది డెంటేట్. నలిపి మడిచిన సంచివలె నుండి, మూతి నడిమివైపునకు తెరచియుండును.

దీనిని 1684లో ఫ్రాన్సు దేశపు మోంపెల్యే నగరమున వ్యూసాన్స్ అను వైద్యుడు వర్ణించెను. తక్కిన మూడింటిని జర్మను శాస్త్రజ్ఞుడు స్టిల్లింగ్ వేరుపరచుటకు మరి 180 ఏండ్లు పట్టెను. 1864 నాటి గ్రంథమున ఆయన పెట్టిన పేర్లు ఇంటి సామగ్రిని తలపించును: కప్పు, బంతి, బిరడా. పేర్లు ఇంత నిశ్చయముగా నున్నను శరీరములు అట్లు లేవు. బంతి యనబడునది ఒకరిలో ఒకటే ముద్ద, వేరొకరిలో రెండు మూడు. బిరడా డెంటేట్ మూతిని కొంత కప్పుచుండుటచే రెండింటి నడుమ ఎల్ల గీయుట పలుమార్లు కష్టము.

విద్యార్థికి ఇది పరీక్షలో ఒక ప్రశ్న. శస్త్రవైద్యునికి అట్లు కాదు. 1960ల నాటికి, కండరముల బిగువు సడలించుటకై డెంటేట్ లోనికి సన్నని సాధనమును పంపి కొంతభాగమును చెరచు చికిత్స కొన్ని దేశములందు జరిగెను. కంటితో చూచుట కాదు. పటము ననుసరించి లెక్క కట్టి చేరవలెను. మరి ఆ పటము ఎవరిది? తాలైరాక్, తూర్నూ అను ఇరువురు 1988లో ప్రచురించగా లోకమంతట వాడబడిన మెదడు పటమునకు ఆధారము అరువదేండ్ల స్త్రీ మెదడు ఒక్కటే! పిమ్మట కెనడాలోని మాంట్రియల్ వారు 305 మందివి, 152 మందివి చిత్రములు సగటు తీసి ఆ కొరతను చాలవరకు తీర్చిరి. అయినను అది పాశ్చాత్యుల సగటే.

2019లో ఈ కథ మన నగరమునకు చేరినది. హైటెక్ సిటీకి చేరువనే గచ్చిబౌలిలో, కంపెనీల అద్దాల మేడల నడుమ, 1998లో నెలకొనిన ట్రిపుల్ ఐ.టి. కలదు. అచట జయంతి శివస్వామిగారి బృందము తిరువనంతపురపు శ్రీచిత్ర సంస్థతో కూడి నూర్గురు భారతీయుల ఎం.ఆర్.ఐ. చిత్రములనుండి సగటు మెదడును నిర్మించెను. ఏబదిమంది పురుషులు, ఏబదిమంది స్త్రీలు. వయసు 21 మొదలు 30 వరకు. పాశ్చాత్యుల సగటుకంటెను, చైనా, కొరియా వారి సగటుకంటెను మనది ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణములందు చిన్నదిగా తేలెను. ఇది విని చిన్నబుచ్చుకొనిన మిత్రుడొకడు మాకు కలడు. పరిమాణమునకు తెలివితో ముడి పెట్టవలదని ఆయనకు చెప్పితిమి. చిక్కు వేరొకటి. మతిమరపు వ్యాధిలో మెదడు కుంచించుకొనిపోవును. పరాయి కొలబద్దతో కొలిచినచో, ఆరోగ్యముగానున్న మన మెదడును సైతము కుంచించినదని వ్రాసివేయు ప్రమాదము కలదు. నూర్గురును యువజనులే గనుక వృద్ధులకు ఈ సగటు చాలదు.

ఇంతకు డెంటేట్ మాట. సగటు తీయునపుడు సన్నని మడతలు మసకబారును. పైగా సాధారణ చిత్రములందు అది చుట్టునున్న తెల్లని పదార్థమునుండి చక్కగా వేరుపడదు. దాని జాడ పట్టి యిచ్చునది దానిలో చేరియుండు ఇనుము. ఇనుమును పసిగట్టు తీరున తీసిన చిత్రములందు డెంటేట్ నల్లగా, మడతలతోసహా కనబడును. 7 టెస్లాల బలముగల యంత్రముతో అట్టి చిత్రములు తీసి, డీడ్రిక్సెన్ మొదలగువారు 2011లో ఒక పటమును వెలువరించిరి. అందు కేంద్రకమునకు ఒక్క గీతతో ఎల్ల కట్టలేదు. అది ఆ చోట నుండుటకు నూటికి ఎన్ని పాళ్ళు అవకాశమో చుక్కచుక్కకును అంకె కలదు.