రామతీర్థం: కొండ, కథ, శాసనం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల సమీపాన గల రామతీర్థంలో గురుభక్తులకొండపై బౌద్ధ విహారాల శిథిలాలున్నవి. 1910-11లో పురావస్తు శాఖ వారు అక్కడ త్రవ్వకాలు జరిపారు. ప్రక్కనే దుర్గకొండపై జైన శిల్పాలున్నవి. ఊరివారు మాత్రం వనవాసకాలంలో రాముడు ఇక్కడ సంచరించాడని చెప్పుకుంటారు.

త్రవ్వకాలలో దొరికిందే చరిత్ర, ఊరివారిది వట్టి కల్పన అని కొట్టివేయడం తేలిక. కాని దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్య విమలాదిత్యుని (క్రీ.శ. 1011-1018) కాలపు కన్నడ శాసనం ఉంది. రాజగురువైన జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు 'రామకొండ'కు మ్రొక్కాడని అది తెలుపుతున్నది. అంటే, వెయ్యేళ్ళనాడే జైనులు సైతం ఈ కొండను ఆ పేరుతోనే పిలిచారన్నమాట. శాసనం కాలాన్ని నిలిపింది. దానిని చదవలేని తరాలకు ఆ పేరును అందించింది కథే.

మనిషి కథ చెప్పేది తాను బ్రతికే చోటుతో తనకు గల బంధాన్ని బిడ్డలకు అప్పగించడానికి. వినేది ఆ బంధంలో తన వంతు తెలుసుకోవడానికి.

కథకూ ఆధారానికీ మధ్య తగవు మనకు కొత్త కాదు. బాగ్దాదుకు చెందిన ఇబ్నుల్ జౌజీ (మరణం హి. 597, క్రీ.శ. 1201) కథకులను గురించి ఒక గ్రంథమే వ్రాసి, కల్పిత హదీసులు చెప్పేవారిని తప్పుపట్టాడు. అయితే ఆయన స్వయంగా పేరుమోసిన ప్రసంగకర్త. కథ మానమనలేదు, ఆధారం చూపమన్నాడు.

చరిత్ర గ్రంథాలు అనువదించేటప్పుడు ఆధారం లేని కథలను తీసివేయడం ఒకప్పుడు నా అలవాటు. హదీసు విషయంలో సడలింపు లేదు. తక్కినచోట్ల ఇప్పుడు కథను ఉంచి, 'ఇది జనశ్రుతి' అని ప్రక్కన వ్రాస్తున్నాను.